పెరట్లో నాలుగు సెంట్ల జాగా ఖాళీగా ఉంది, ఏం చేస్తే నాలుగు డబ్బులొస్తాయి?

మాది రాజమండ్రి పక్కన ఊరు. ఇంటి వెనక నాలుగు సెంట్లు, అంటే 190 గజాల పైనే, నాన్నగారు పోయినప్పటి నుంచి పిచ్చిమొక్కలు మొలిచి పాములకే పనికొస్తోంది. బోరు ఉంది, కానీ రెండు కొబ్బరిచెట్ల వల్ల సగం నీడే. పోయినేడాది పీకేఎం-1 రకం మునగ పెట్టాను, కాపు బాగానే వచ్చింది గానీ గొంగళిపురుగులు పట్టి గోడంతా పాకేసరికి పక్కింటి పిన్నిగారు నా చేత చెట్లు కొట్టించేదాకా ఊరుకోలేదు. నర్సరీలకి పేరున్న కడియం దగ్గరే కాబట్టి షేడ్‌నెట్ వేసి కవర్లలో కరివేపాకు, మల్లె మొక్కలు పెంచి నర్సరీలకి ఇద్దామని నా ఆలోచన, మా ఆవిడేమో నాటుకోళ్లు అంటోంది. ఇంత కొంచెంగా పెంచితే నర్సరీవాళ్లు కొంటారా, వాళ్ల దగ్గరే బోలెడుంటాయా? నెలకి మూడు నాలుగు వేలు మిగిలినా చాలు. చేసినవాళ్లెవరైనా ఖర్చుతో సహా చెప్పండి ప్లీజ్.