ఎంఎస్ అయిపోయింది, జాయినింగ్ సెప్టెంబరులో: మధ్యలో ట్రిప్పులు వేయొచ్చా?

ప్రశ్న

మే 15తో అమెరికాలో నా ప్రోగ్రామ్ ముగిసింది. ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసుకునే అనుమతి) కార్డు నిన్న చేతికొచ్చింది, దాని మీద స్టార్ట్ డేట్ జూన్ 10. ఆఫర్ ఉంది, జాయినింగ్ సెప్టెంబర్ 2. జూలైలో నాలుగు వారాలు ఇండియా, ఆగస్టులో సియాటిల్ నుంచి అలాస్కా క్రూజ్, చివర్లో టెక్సస్ వైపు రోడ్ ట్రిప్ అనుకుంటున్నాను. పాస్‌పోర్టులో ఎఫ్-1 విద్యార్థి వీసా ఏప్రిల్‌తో అయిపోయింది. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) మీద ట్రావెల్ సంతకం కిందటి నవంబరుది. ఆఫర్ ఉంది కాబట్టి, ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదనే 90 రోజుల లెక్క నాకు రాదనుకుంటున్నాను, సరేనా? టికెట్లు ఇంకా కొనలేదు.

జవాబు 1

కొనకపోవడం మంచిదైంది.

90 రోజుల లెక్క మీకూ వస్తుంది. ఆఫర్ లెటర్ చేతిలో ఉండటం వేరు, ఉద్యోగంలో ఉండటం వేరు. మీ ఐ-20 మీద ప్రోగ్రామ్ ఎప్పుడు ముగిసిందో, ఆఫర్ ఎప్పుడు వచ్చిందో ఈ లెక్కకు సంబంధం లేదు. కార్డు మీద ఉన్న స్టార్ట్ డేట్‌న మొదలై, జాయిన్ అయిన రోజున ఆగుతుంది. శని, ఆదివారాలు కూడా కలుస్తాయి. దేశం దాటి వెళ్లినంత మాత్రాన ఆగదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

మీ తేదీలతోనే చూడండి. జూన్ 10 నుంచి నెలాఖరు దాకా 21 రోజులు, జూలైలో 31, ఆగస్టులో 31, సెప్టెంబర్ 1వ తేదీ ఒకటి. మొత్తం 84. చేతిలో మిగిలేది ఆరు రోజులు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ నానిందనో, టీమ్ మారిందనో కంపెనీ జాయినింగ్‌ను సరిగ్గా ఒక్క వారం జరిపితే 91 అవుతుంది, స్టేటస్ (చట్టబద్ధంగా ఇక్కడ ఉండే హోదా) పోతుంది. ట్రిప్పుల కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

దారులు రెండున్నాయి. మొదటిది, జాయినింగ్‌ను ఆగస్టు మధ్యకు తెమ్మని హెచ్ఆర్‌ను అడగడం. కారణం దాచక్కర్లేదు, ఓపీటీ వాళ్లను తీసుకునే కంపెనీలకు ఈ లెక్క తెలుసు. రెండోది, మీ చదువుకు నేరుగా సంబంధం ఉన్న పనిని వారానికి కనీసం 20 గంటలు వాలంటీర్‌గా చేసి, దాన్ని సెవిప్ పోర్టల్‌లో (ఓపీటీ వివరాలు ఇచ్చే ప్రభుత్వ వెబ్‌సైట్) నమోదు చేయడం. యూనివర్సిటీ ల్యాబ్ గానీ లాభాపేక్ష లేని సంస్థ గానీ అయితే ఇబ్బంది ఉండదు. మిమ్మల్ని తీసుకున్న కంపెనీకే ముందుగా జీతం లేకుండా పనిచేస్తానంటే మాత్రం కార్మిక చట్టాలు అడ్డొస్తాయి. ఏ దారైనా డీఎస్ఓతో (విదేశీ విద్యార్థుల సంగతి చూసే యూనివర్సిటీ అధికారి) మాట్లాడాకే.

ఇంకా ఓపీటీకి అప్లై చేయనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: ప్రోగ్రామ్ ముగిసిన 60 రోజుల్లోపు ఏ తేదీనైనా స్టార్ట్ డేట్‌గా అడగొచ్చు. మే 15న ముగిస్తే చివరి తేదీ జూలై 14. ఇదే సెప్టెంబర్ 2 జాయినింగ్‌కు అప్పుడు పోయేది 84 కాదు, 50 రోజులే. జాయినింగ్ దూరంగా ఉన్నవాళ్లు తొందరపడి దగ్గర తేదీ అడగడం చేజేతులా చేసుకునే నష్టం.

జవాబు 2

ఇండియా సంగతి. వీసా అయిపోయింది కాబట్టి వెళ్తే స్టాంపింగ్ (పాస్‌పోర్టులో కొత్త వీసా) వేయించుకునే రావాలి. 2025 సెప్టెంబరు నుంచి దాదాపు అందరూ ఇంటర్వ్యూకు హాజరు కావాల్సిందే, డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిచ్చి వీసా తీసుకోవడం) నమ్ముకుని వెళ్లే రోజులు పోయాయి. అదే నెల నుంచి సొంత దేశంలో గానీ నివాసం ఉన్న దేశంలో గానీ అప్లై చేయమంటున్నారు, అంటే దారిలో వేరే దేశంలో స్టాంపింగ్ కొట్టించుకుని వచ్చే ఉపాయానికీ దాదాపు తలుపు మూసినట్టే.

స్లాట్ దొరికినా, ఇంటర్వ్యూ బాగా జరిగినా, 221(జి) కాగితం చేతిలో పెట్టి అదనపు పరిశీలన అన్నారంటే అది ఎన్నాళ్లో ఎవరూ చెప్పరు. మీరు అక్కడ ఎదురుచూస్తుంటే ఇక్కడ రోజులు తరుగుతూనే ఉంటాయి. ఆరు రోజుల వెసులుబాటుతో ఆ పందెం కాయకండి. ఉద్యోగంలో చేరాక కంపెనీ ఇచ్చే సెలవు మీద వెళ్తే ఆ రోజులు నిరుద్యోగం కింద రావు. స్టాంపింగ్ రిస్క్ అప్పుడూ ఉంటుంది, కానీ 90 రోజుల గడియారం మెడ మీద ఉండదు. అయితే ఏడాది తర్వాత హెచ్-1బీ వర్క్ వీసాకి స్టేటస్ మార్పు కింద ఫైల్ చేస్తే, అది పెండింగ్‌లో ఉండగా దేశం దాటకూడదు, ఆ మార్పు వదులుకున్నట్టు లెక్క. కాబట్టి ఇండియా ప్రయాణం ఆ ఫైలింగ్‌కు ముందే పెట్టుకోండి.

ట్రావెల్ సంతకం కూడా చూసుకోండి. చదువుకునేటప్పుడు ఏడాది చెల్లేది, ఓపీటీలో ఆరు నెలలే. నవంబరు సంతకం గడువు మే నెలకే దాటిపోయింది. పైగా ఓపీటీ వివరాలున్న కొత్త ఐ-20 ఇచ్చి ఉంటారు, సంతకం దాని రెండో పేజీలో పెట్టించుకోండి. బోర్డర్‌లో చూపించాల్సింది అది, ఈఏడీ కార్డు (మీ ఓపీటీ కార్డే), జాయినింగ్ తేదీ ఉన్న ఆఫర్ లెటర్, పాస్‌పోర్ట్. ఇవన్నీ చేతి బ్యాగులోనే.

జవాబు 3

క్రూజ్ గురించి ఎవరూ అనలేదు. అలాస్కా అమెరికాలోనిదే కదా, దేశం దాటేదేముంది అనుకుంటారు. కానీ సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లో దిగే క్రూజులు దాదాపు అన్నీ దారిలో కెనడాలో, ఎక్కువగా విక్టోరియాలో, ఆగుతాయి. విదేశీ జెండా నౌక అమెరికా రేవుల మధ్యనే ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది, అందుకే ఆ ఆగడం. ఓడ దిగకపోయినా మీరు దేశం దాటినట్టే. కెనడా వీసా అడుగుతారో లేదో క్రూజ్ కంపెనీని రాతపూర్వకంగా అడిగి ఆ జవాబు దగ్గర పెట్టుకోండి.

తిరిగి రావడానికి మాత్రం మీకు దారి ఉంది. దాన్ని ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ అంటారు. కెనడాకు గానీ, మెక్సికోకు గానీ, క్యూబా తప్ప మిగతా పక్క దీవులకు గానీ 30 రోజుల లోపు వెళ్లొస్తే, ఎఫ్-1 వీసా అయిపోయినా చెల్లుబాటులో ఉన్నట్టే చూస్తారు. స్టేటస్ సరిగా ఉండాలి, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) ప్రింట్ ఉండాలి, సంతకమైన ఐ-20 ఉండాలి. అక్కడ ఉండగా కొత్త అమెరికా వీసాకు అప్లై చేశారంటే ఈ వెసులుబాటు పోతుంది, రిజెక్ట్ అయితే అక్కడే ఇరుక్కుంటారు. విమానంలో వస్తే చెక్-ఇన్ కౌంటర్ దగ్గర వీసా గడువు చూసి ఆపేస్తుంటారు, వాళ్లకు ఈ నిబంధన తెలియకపోవడం మామూలే. సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ సంస్థ) వెబ్‌సైట్‌లో ఈ నిబంధన ఉన్న పేజీ ప్రింట్ తీసుకెళ్లండి, ఫోన్‌లో చూపిస్తే ఎవరూ పట్టించుకోరు.

ప్రశ్న అడిగినవారు

ఇండియా డిసెంబరుకు వాయిదా వేస్తున్నాను, జాయినింగ్ ముందుకు జరపమని ఇవాళే మెయిల్ పెడతాను. క్రూజ్ తర్వాత రోడ్ ట్రిప్ ఒక్కటే మిగిలింది. దేశం లోపలే కదా, దానికేమైనా కాగితాలు కావాలా?

జవాబు 4

కావాలి. టెక్సస్ అంటే బిగ్ బెండ్ నేషనల్ పార్క్ కూడా ఉంటుందనుకుంటాను. అక్కడి నుంచి ఉత్తరానికి వచ్చే రోడ్ల మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులుంటాయి. పాస్‌పోర్ట్, ఐ-94, ఐ-20, ఈఏడీ కార్డు కారులోనే ఉంచుకోండి. డ్రైవింగ్ లైసెన్స్ గడువు ఇవాళే చూడండి. చాలా రాష్ట్రాల్లో అది పాత ఐ-20 ముగింపు తేదీతో ముడిపడి ఉంటుంది, అంటే మీది మే లోనే అయిపోయి ఉండొచ్చు. గడువు దాటిన లైసెన్సుకు అద్దె కారు ఇవ్వరు. కొత్త ఐ-20, ఈఏడీ పట్టుకుని లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసుకు వెళ్తే పొడిగిస్తారు.

లీజు ఎప్పటిదాకా ఉందో చెప్పలేదు. ఇల్లు ఖాళీ చేస్తే పది రోజుల్లో కొత్త చిరునామా సెవిప్ పోర్టల్‌లో మార్చాలి. ఆ పోర్టల్ లింకు డీఎస్ఓ దగ్గరున్న ఈమెయిల్‌కే వస్తుంది, యూనివర్సిటీ మెయిల్ మూతపడే ముందే సొంత మెయిల్ ఇచ్చేయండి. డ్రగ్ టెస్ట్ ఉందేమో హెచ్ఆర్‌ను అడగండి. టెస్ట్ లింకు వచ్చాక కొద్ది రోజులే గడువిస్తారు, మీరప్పుడు సిగ్నల్ లేని ఓడ మీద ఉండొచ్చు.

స్టూడెంట్ ఇన్సూరెన్స్ ఏ తేదీతో ఆగిపోతుందో కూడా చూడండి. కంపెనీ కవరేజీ కొన్నిచోట్ల జాయిన్ అయిన రోజు నుంచి, కొన్నిచోట్ల మరుసటి నెల ఒకటి నుంచి. మధ్యలో ఖాళీ వస్తే, పాతది ఆగిన 60 రోజుల్లోపు మార్కెట్‌ప్లేస్‌లో (ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైట్) ప్లాన్ తీసుకోవచ్చు.

జాయిన్ అయ్యాక మూడు పనిదినాల్లో ఐ-9 (పనిచేసే అర్హత చూసే ఫారం) కోసం అసలు ఈఏడీ కార్డు చూపించాలి, ఫొటోకాపీ చెల్లదు. ట్రిప్పులో ఆ కార్డు పోతే కొత్తదానికి మళ్లీ ఐ-765 దరఖాస్తు వేసి, ఫీజు కట్టి, నెలలు ఆగాలి. క్రూజ్ కంటే ముందు దాన్ని రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోండి. ఓడలో గది లాకర్‌లో పెట్టండి, పర్సులో వద్దు.