"నీ హృదయమును భద్రముగా కాపాడుకొనుము": ఈ కాపలా ఎవరిది?

ప్రశ్న: బైబిల్లో సామెతల గ్రంథం 4:23లో "నీ హృదయములోనుండి జీవధారలు బయలుదేరును కాబట్టి అన్నిటికంటె ముఖ్యముగా నీ హృదయమును భద్రముగా కాపాడుకొనుము" అని ఉంది. టెన్షన్లు, జనం మాటలు లోపలికి రాకుండా తలుపేసుకోమనే కదా? మరి కారణం చెప్పేటప్పుడు లోపలికి వచ్చేవాటి ఊసే లేదెందుకు?

జవాబు: మంచి చోట పట్టుకున్నారండీ. తలుపేసుకోమనే అర్థం ఈ వచనంలో నాకు కనబడదు.

హీబ్రూలో ఇక్కడున్న మాట 'లేవ్'. ప్రేమా దుఃఖమే కాదు, ఆలోచన, నిర్ణయం కూడా అందులోవే. మన 'మనసు' దానికి దగ్గర. మనసు బాగోలేదంటాం, మనసు పెట్టి చదవమంటాం, మనసులో అనుకున్నానంటాం. 'హృదయము' అనగానే ఇప్పటివాళ్లకు ఉద్వేగాలే గుర్తొస్తాయి, అదీ చిక్కు.

'జీవధారలు' అన్నచోట మూలంలో నీళ్ల మాట లేదు. 'బయటికి వెళ్లేవి' అని మాత్రమే ఉంది. యెహోషువ గ్రంథంలో సరిహద్దు ఎక్కడ ముగుస్తుందో చెప్పడానికీ అదే పదం. ధారను తెచ్చింది అనువాదకులు. తెచ్చి మంచి పనే చేశారు.

ఇక చుట్టూ ఉన్న వచనాలు చూడండి. 20లో చెవి, 21లో కళ్లు, ఆ వెంటనే "నీ హృదయమందు వాటిని భద్రముచేసికొనుము". 'వాటిని' అంటే తండ్రి చెప్పిన మాటల్ని. 23 దాటాక 24లో నోరు, 25లో చూపు, 26, 27లో పాదాలు. వినడం, చూడడం ముందు, మాట్లాడడం, నడవడం తర్వాత, మధ్యలో హృదయం. కాబట్టి ఖాళీ గదికి తాళం వేయమనడం కాదిది. లోపల మాటలు నింపుకుని, వాటిని పోనివ్వకుండా చూసుకోమనడం. రోజూ వాక్యం చదివే అలవాటుకు ఈ అధ్యాయంలోనే ఆధారముంది.

మార్కు 7:21లో యేసు దురాలోచనలు హృదయంలోనుండే వస్తాయన్నాడు. ముప్పంతా బయటే ఉందనుకుంటే ఆ మాట మింగుడుపడదు.

ఇంకొకరు: కాపాడు'కొను'ము అంటే నా బాధ్యతే కదా. మనసు కుదురుగా లేని రోజున ఎవరు కాపాడుకోగలరు?

జవాబు: ఆ 'కొను' బరువైనదే. అయితే ఫిలిప్పీయులకు 4:7 కూడా పక్కన పెట్టుకోండి. దేవుని సమాధానము "మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును". ఇక్కడ కర్త మనం కాదు, సమాధానం. ఆ గ్రీకు క్రియ సైనికుల కాపలాకు వాడేది. 2 కొరింథీయులకు 11:32లో దమస్కు పట్టణానికి కాపు పెట్టించినప్పుడూ అదే. ఫిలిప్పీయులకు ఈ ఉత్తరం రాసేనాటికి అపొస్తలుడైన పౌలు బంధకాల్లో ఉన్నాడు, కావలివాళ్లంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఫిలిప్పీయులకు 4:6లో మన వంతు కూడా ఉంది: చింతపడకుండా, కృతజ్ఞతతో విన్నపాలు దేవునికి తెలియజేయడం.

అన్నట్టు, కాపు, కావలి, కాపరి అన్నీ 'కాచు' కుటుంబమే. "యెహోవా నా కాపరి" కూడా ఈ చుట్టమే. (వెన్నెల కాయడం సంగతి వేరు, ఇందులో కలపకండి.)

మరొకరు: 'సమాధానము' అంటే జవాబు అనుకున్నానే!

జవాబు: చర్చి బయట చాలామంది అలాగే అనుకుంటారు. బైబిలు తెలుగులో అది శాంతి. ప్రార్థనకు జవాబు రాకముందే మనసు కుదుటపడుతుందని పౌలు భావం, అందుకే ఈ తేడా తెలియాలి.

మొదట అడిగినవారు: అయితే రోజుకు ఎన్ని అధ్యాయాలు చదవాలంటారు?

జవాబు: లెక్క నేను చెప్పను. కీర్తన 1:2లో 'ధ్యానించువాడు' అన్నచోట హీబ్రూ మాటకు గొణుక్కోవడం అనే అర్థముంది. యెషయా 31:4లో సింహం గుర్రుమనడానికీ, 38:14లో పావురం మూలుగుకీ అదే క్రియ. పెదవులు కదపకుండా నాలుగు అధ్యాయాలు పరిగెత్తించే కన్నా, ఒక్క వచనం పైకి చదివి, పని చేసుకుంటూ మళ్లీ మళ్లీ అనుకోవడమే ఆ మాటకు దగ్గర. సామెతలు 4:20 నుంచి 27 దాకా ఎనిమిదే వచనాలు, వాటితో మొదలుపెట్టండి.