ఐదో నెలలో అన్నప్రాసన చేస్తే అన్నం మొదలుపెట్టాల్సిందేనా?

పాపకి ఐదో నెల నడుస్తోంది. ఆడపిల్లకి బేసి నెలలోనే చేయాలని అత్తయ్య వచ్చే వారం అన్నప్రాసనకి ముహూర్తం పెట్టించారు, ఆ రోజు నుంచే ఉగ్గు పెట్టేద్దాం అంటున్నారు. డాక్టరు గారేమో 6 నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దన్నారు. ఇద్దరి మధ్యా టెన్షన్‌గా ఉంది. మీరంతా ఏం చేశారు?

జవాబు 1:
మా ఇంట్లోనూ ఇదే గొడవ. వేడుక ఆపలేదండి, పరమాన్నం పెదవికి తాకించి ఊరుకున్నాం, అసలు తిండి మాత్రం 180 రోజులు నిండాకే. తేనె మాత్రం నాకించనివ్వకండి. ఏడాదిలోపు పిల్లలకి దానివల్ల బోట్యులిజం అనే విషపు జబ్బు రావచ్చు, ప్రాణం మీదకి వస్తుంది.

జవాబు 2:
మెడ నిలిచిందా, ఆనిస్తే కూర్చుంటోందా, నోట్లో పెట్టింది నాలుకతో నెట్టేయకుండా మింగుతోందా అన్నది కూడా చూడండి. అలాగని 6 దాటాక ఆలస్యం చేయొద్దు. మా బాబుకి ఎనిమిదో నెల దాకా పాలే సరిపోతాయనుకున్నాను, రక్తం తక్కువైందని ఐరన్ చుక్కలు వాడాల్సి వచ్చింది, ఆ బాధ ఇంకా ఉంది నాకు.

జవాబు 3:
మొదట రెండు మూడు చెంచాలు, రోజుకి రెండుసార్లు చాలు. పప్పన్నం మెత్తగా మెదిపి నెయ్యి వేయండి, చెంచా వంచితే కారిపోకూడదు, పల్చటి జావతో పొట్ట నిండుతుంది కానీ బలం రాదు. ఉప్పు ఏడాది దాకా, చక్కెర రెండేళ్ల దాకా వద్దు. తెలంగాణలో ఉంటే 7 నెలల నుంచి అంగన్‌వాడీలో బాలామృతం అనే పోషకాహార పొడి ఇస్తారు, అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అత్తయ్యకి ఇవన్నీ చదివి వినిపించాను. పెదవికి తాకిస్తే చాలన్నారు!