హాల్‌మార్క్‌లోని ‘హాల్’ ఏది, దాన్ని తెలుగులో ఏమనాలి?

వెండి, బంగారు వస్తువుల లోహాన్ని పరీక్షించి వేసే ముద్ర హాల్‌మార్క్. దానికి తెలుగు మాట ఏదనే చర్చలో ‘నాణ్యతా ముద్ర’ అంటే సరిపోతుందని ఒకరిద్దరు సూచించారు. నాకు అది చాలదనిపిస్తోంది. ఆ మాట పుట్టిన చోటు చూస్తే కారణం తెలుస్తుంది.

ఆ ‘హాల్’ లండన్‌లోని స్వర్ణకారుల సంఘ భవనం, గోల్డ్‌స్మిత్స్ హాల్. 1478 నుంచి సంఘం నియమించిన పరీక్షకుడు అక్కడే ఉండి, పనివారు తెచ్చిన వెండి సామానును పరీక్షించి ముద్ర వేసేవాడు. 1780ల చివరి లండన్ టీపాట్‌ను తిరగేస్తే అడుగున వరుసగా చిన్న గుర్తులు కనిపిస్తాయి. నడుస్తున్న సింహం ఉంటే వెయ్యి పాళ్లలో కనీసం 925 వెండి అని, కిరీటమున్న చిరుతపులి తల ఉంటే లండన్‌లో పరీక్షించారని, ఒక అక్షరం ఆ సంవత్సరమని, రాజు తల సుంకం చెల్లించారని అర్థం. పక్కనే వాలురాతలో ‘హెచ్ బి’ ఉంటే అది హెస్టర్ బేట్‌మన్ పనిశాలది. భర్త పోయాక 1761లో ఆమె తన పేర ముద్ర నమోదు చేయించుకున్నారు. పలుచని వెండి రేకును వంచి అతికి, అంచు వెంట పూసల వరుస తీర్చిన టీపాట్‌లకు ఆ పనిశాల పేరుపొందింది. పిడి మాత్రం కొయ్యదే, వెండి పిడి అయితే వేడికి పట్టుకోలేం.

ఇంత అందమైన పనితనం గురించి ఆ సింహం ఒక్క మాటా చెప్పదు. అది చెప్పేది వెండి పాలు ఎంతో మాత్రమే. ‘నాణ్యత’ అంటే పనితనం, మన్నిక కూడా అందులో కలిసిపోతాయి. కచ్చితంగా లోహపు మేలిమినే చెప్పే మాట మన కంసాలుల దగ్గర ఉంది, అదే ‘వన్నె’. గీటురాయి మీద గీత రంగును బట్టి బంగారాన్ని తేల్చేవారు కనుక, రంగు అనే అర్థమున్న మాటే మేలిమికీ పేరై, ‘పదహారు వన్నెల బంగారం’ అనే పలుకుబడిలో నిలిచింది. అందుకే నా సూచన ‘వన్నెముద్ర’.

వన్నె బంగారానిది, వెండికెలా పొసగుతుందని అడగవచ్చు. నిజమే, లండన్‌లో వెండిని కొంత గీకి తీసి, సీసంతో కలిపి, ఎముకల బూడిద మూసలో కాచి, మిగిలిన శుద్ధ వెండిని తూచేవారు. మన మాటల్లో అది పుటం పెట్టడమే. అయితే ‘పుటముద్ర’ అంటే పుస్తకం పుట స్ఫురిస్తుంది కనుక వన్నె వైపే మొగ్గాను.

చిరుత తలకు ‘ఊరిముద్ర’, అక్షరానికి ‘సంవత్సరాక్షరం’ సరిపోతాయి. ‘హెచ్ బి’ని ‘పనివాడి ముద్ర’ అనడం హెస్టర్ విషయంలో తప్పవుతుంది కనుక, ‘చేసినవారి ముద్ర’ అనే రాస్తున్నాను.