బైరాడ్స్ 3 వస్తే ఆరు నెలలు ఆగాలా, ఇప్పుడే బయాప్సీ చేయించాలా?

నెల్లూరు_మరదలు: మా వదినకి 43. హెల్త్ చెకప్ ప్యాకేజీలో మామోగ్రామ్ తీసి, ఏదో కనపడిందని అల్ట్రాసౌండ్ కూడా చేశారు. ఎడమ రొమ్ములో 9 మి.మీ. గడ్డ, కోలగా ఉంది, అంచులు నున్నగా ఉన్నాయి అని రాసి, అడుగున "బైరాడ్స్ 3, ప్రాబబ్లీ బినైన్, ఆరు నెలలకు మళ్లీ రండి" అన్నారు. బైరాడ్స్ అంటే క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే నంబరట, ప్రాబబ్లీ బినైన్ అంటే బహుశా క్యాన్సర్ కాదనట. ఇంట్లో ఒకరు ఆగమంటారు, ఒకరు కోయించేస్తే పీడా పోతుందంటారు. వదినకి నిద్ర లేదు. మీరేమంటారు?

గోదారి_శేషు: ఆగడమేంటండీ? చూసిన డాక్టరే గట్టిగా చెప్పలేకపోతే మనం ధైర్యంగా ఎలా కూర్చుంటాం? తీయించేయండి, గొడవ వదిలిపోతుంది.

ఎక్స్‌రే_గది: శేషు గారూ, నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కేటగిరీ 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదని. కేటగిరీ 2 అయితే అసలు భయమే లేదు, నీటి తిత్తులు, పాప్‌కార్న్‌లా ముద్దగా కనపడే పాత క్యాల్షియం అలాంటివి అందులోకి వస్తాయి. కేటగిరీ 4 నుంచే బయాప్సీ, అంటే ముక్క తీసి పరీక్షించడం, చేయమంటారు. మీ వదినగారిది ఆ వర్ణన బట్టి ఫైబ్రోఅడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) లాగే ఉంది, కానీ ఫిల్మ్ చూడకుండా నేను తేల్చను. ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు తీసి పోల్చి చూస్తారు, అప్పటికీ పెరగకపోతే 2లోకి దించేస్తారు. మధ్యలో పెరిగినా, ఆకారం మారినా అప్పుడు బయాప్సీ. పాత మామోగ్రామ్ ఏదైనా ఉంటే మాత్రం ఇవాళే పట్టుకెళ్లండి, దానితో పోలిస్తే కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. రిపోర్టు కాగితం చాలదు, సీడీ కావాలి.

డల్లాస్_అత్త: నాకు ఇక్కడ మొదట 0 వచ్చింది, ఇంకేముంది అనుకుని ఏడుపొక్కటే తక్కువ. తీరా చూస్తే 0 అంటే పరీక్ష పూర్తి కాలేదని, ఇంకొన్ని ఫిల్ములు కావాలని అంతే. నాది డెన్స్ రొమ్ము, అంటే కొవ్వు తక్కువ, గ్రంథుల కణజాలం ఎక్కువ. మామోగ్రామ్‌లో ఆ కణజాలమూ తెల్లగానే ఉంటుంది, గడ్డా తెల్లగానే ఉంటుంది, అందుకే అల్ట్రాసౌండ్ కలిపి చూడాలన్నారు. అమెరికాలో 2024 సెప్టెంబరు నుంచి డెన్సిటీ సంగతి పేషెంటుకి చెప్పి తీరాలి. మీ వదిన రిపోర్టులో డెన్సిటీకి ఎ, బి, సి, డి ల్లో ఏదో ఒకటి ఉంటుంది చూడమ్మా.

గోదారి_శేషు: మీరు చెప్పేదంతా మళ్లీ మళ్లీ వచ్చే వాళ్లకి బాగుంటుందండీ. మా వైపు ఆడవాళ్లు పొలం పనులూ పిల్లల పరీక్షలూ మానుకుని ఆరు నెలలకి బస్సెక్కి వస్తారా? నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. గవర్నమెంటు వాళ్లు 30 దాటితే చేత్తో పరీక్షిస్తామంటారు, దానికే రారు. వచ్చిన రోజే తేల్చేస్తే నష్టమేంటి?

ఎక్స్‌రే_గది: అది న్యాయమైన మాటే. మళ్లీ రాలేని వాళ్లకి, తల్లికో అక్కచెల్లెళ్లకో చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చిన వాళ్లకి, టెన్షన్‌తో తిండీ నిద్రా పోయిన వాళ్లకి 3లోనే బయాప్సీ చేస్తారు, తప్పేం లేదు. కానీ బయాప్సీ వేరు, కోసి తీసేయడం వేరు. మత్తు సూది వేసి, అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ కోర్ నీడిల్‌తో సన్నటి ముక్కలు తీస్తారు, ముక్క తీసే సూది గన్ టక్కున కొడుతుంది, ముందే చెప్పకపోతే మనిషి ఉలిక్కిపడుతుంది. అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. చవకని ఎఫ్ఎన్ఏసీతో (సన్న సూదితో కణాలు లాగి చూసే పరీక్ష) సరిపెట్టకండి, అందులో విడి కణాలే వస్తాయి, చాలాసార్లు తేలక మళ్లీ కోర్ చేయాల్సి వస్తుంది. ముక్కలో ఫైబ్రోఅడినోమా అని తేలితే, పెరగనంత కాలం ఆపరేషన్ అక్కర్లేదు. ఊరికే కోస్తే మచ్చ పడుతుంది, తర్వాతి మామోగ్రాముల్లో ఆ మచ్చే కొత్త అనుమానం అవుతుంది.

గోదారి_శేషు: సరే, ఆపరేషన్ మాట వెనక్కి తీసుకుంటా. బయాప్సీ మాట మాత్రం తీసుకోను.