డీషా ఫిల్యా కథలు విశ్వాసానికి వ్యతిరేకమా?

తార్నాక పాఠకురాలు (ప్రశ్న):
మా పఠన బృందం వచ్చే సమావేశానికి అమెరికన్ నల్లజాతి రచయిత్రి డీషా ఫిల్యా కథల సంపుటి ‘ద సీక్రెట్ లైవ్స్ ఆఫ్ చర్చ్ లేడీస్’ను ఎంచుకుంది. 2020లో వెలువడిన ఈ పుస్తకంలో తొమ్మిది కథలున్నాయి. మరుసటి ఏడాది దీనికి పెన్/ఫాక్నర్ పురస్కారం లభించింది. మా సభ్యుల్లో చాలామంది సికింద్రాబాద్ సంఘాలకు చెందిన క్రైస్తవ స్త్రీలు. వారిలో ఒక పెద్దావిడ రెండు కథలు చదివి, ఇది గుడిని (చర్చిని) అపహాస్యం చేసే పుస్తకమని అభ్యంతరం చెప్పారు. ఆమె మాటను నేను తేలికగా తోసిపుచ్చలేను. పుస్తకం పూర్తిగా చదివినవారు దీన్ని ఎలా చూస్తారు? చర్చను ఏ కథతో మొదలుపెట్టమంటారు?

మారేడుపల్లి వాసి:
ఆ పెద్దావిడ చదివిన రెండు కథల్లో ‘పీచ్ కాబ్లర్’ ఒకటి అయివుంటుందని ఊహిస్తున్నాను. అందులో సంఘకాపరి సోమవారం సోమవారం ఒక స్త్రీ ఇంటికి వస్తాడు. ఆమె ఆయన కోసం పీచ్ పళ్ళతో కాబ్లర్ అనే తీపి వంటకం చేసిపెడుతుంది గానీ కన్నకూతురిని మాత్రం దాన్ని ముట్టనివ్వదు. ఆ పసిపిల్ల ఆయనను సాక్షాత్తు దేవుడే అనుకుంటుంది. పిల్ల అలా అనుకోవడానికి కారణం సంఘం ఆయనకు వేసిన పీట. రచయిత్రి వ్యంగ్యమంతా ఆ పీట మీదే పడుతుందని నా అభిప్రాయం.

‘యూలా’ ఇంతకంటే లోతైన కథ. నడివయసు స్నేహితురాళ్ళు ఇద్దరు, ఇద్దరూ టీచర్లే, ఏడాది చివరి రాత్రి హోటల్ గదిలో కలుసుకుంటారు. యూలా మంచి భర్త కోసం ప్రార్థిస్తూనే, స్నేహితురాలితో తనకున్న దేహసంబంధాన్ని లెక్కలోకి రానివ్వదు. కథ చెబుతున్న స్త్రీ మాత్రం, దేవుడు తన బిడ్డలైన మనుషులు ఇంత ఒంటరిగా బతకాలని నిజంగా కోరతాడా అని మథనపడుతుంది. దేవుడు అక్కరలేనివారికి ఈ మథనంతో పనిలేదు.

ఆ రాత్రిని ఎంచుకోవడం కూడా గమనించదగినది. 1863 జనవరి 1న అమల్లోకి రానున్న బానిస విమోచన ప్రకటన కోసం, ముందురోజు రాత్రంతా నల్లజాతివారు గుడులలో ప్రార్థిస్తూ మేల్కొని ఉన్నారు. నాటి నుంచి వారి సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు విడుదల కోసం ఎదురుచూడడమనే అర్థం చేరింది. మన సంఘాల్లోనూ ఆ రాత్రి గుడి నిండిపోతుంది, కొత్త ఏటికి బైబిలు నుంచి వాగ్దాన వచనం తీసుకుంటాం (నచ్చిన వచనం రాలేదని చిన్నబుచ్చుకునేవారూ లేకపోలేదు). అలాంటి రాత్రి ఆ ఇద్దరు విశ్వాసులు గుడికి వెలుపల ఉండవలసి రావడాన్ని అపహాస్యంగా చదవడం నాకు సాధ్యం కాలేదు.

విద్యానగర్ అధ్యాపకుడు:
సంఘాన్ని స్త్రీలు ఇలా నిలదీయడం ఫిల్యాతో మొదలైనది కాదు. అమెరికా నల్లజాతివారి క్రైస్తవ శాఖ అయిన ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘ స్థాపకుడు రిచర్డ్ ఆలెన్‌ను జెరీనా లీ అనే స్త్రీ బోధించేందుకు అనుమతి అడిగినప్పుడు ఆయన మొదట కాదన్నాడు. 1819లో ఆమె ప్రసంగం విన్న తరువాతే ఒప్పుకున్నాడు. 1900లో రిచ్‌మండ్‌లో జరిగిన నల్లజాతి బ్యాప్టిస్టుల మహాసభలో, సంఘసేవకు సహోదరీలను ఎలా అడ్డుకుంటున్నారో నానీ హెలెన్ బరోస్ నిలబడి చెప్పింది. ఆ సభలోనే స్త్రీల విభాగం ఏర్పడింది. వీరెవరూ విశ్వాసాన్ని విడిచిపెట్టలేదు. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో చర్చికి వెళుతూ పెరిగిన ఫిల్యాను ఈ వరుసలో ఉంచి చదవడం మంచిది.

బొల్లారం సహోదరి:
పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూనే, ఆ పెద్దావిడ పక్షాన ఒక మాట చెప్పాలి. ఈ కథల్లో శృంగారం దాపరికం లేకుండా ఉంది. అందరి ముందు ఆ పుటలు చర్చించడానికి ఇబ్బందిపడే స్త్రీని ఛాందసురాలనడం అన్యాయం. ఆమె ముందే తెలుసుకుని, రావాలో వద్దో తానే నిర్ణయించుకోవాలి.

మొదట ‘జేయల్’ చదవమంటాను. అందులో ముత్తవ్వ తాను పెంచుతున్న పద్నాలుగేళ్ళ పిల్ల డైరీని రహస్యంగా చదువుతుంది. ఆ పేరు మన బైబిలులోని యాయేలుదే. న్యాయాధిపతులు నాలుగవ అధ్యాయంలో ఆమె గుడారపు మేకుతో సీసెరాను చంపిన ఘట్టాన్ని ముందుగా ఆ పెద్దావిడ చేతనే చదివించండి, ఎందుకంటే వాక్యం బాగా తెలిసినవారికి ఈ కథలో కనిపించేవి మిగతావారికి కనిపించవు. తెలుగు రచయిత్రి ఎం. ఎం. వినోదిని గారి కథల్లోని దళిత క్రైస్తవ స్త్రీలను ఎవరైనా ప్రస్తావిస్తే అడ్డుపడకండి. అయితే కులాన్నీ జాతివివక్షనూ ఒకే గాటన కట్టకుండా చూసుకోండి.