‘కేరీ’ది పగా, ఉక్రోషమా?

మొదటి పోస్టు:

అందరికీ నమస్కారం. సినిమా పేరుతో మొదలుపెడుతున్నాను గానీ నా ప్రశ్న మాట గురించే, అడ్మిన్ గారు తీసెయ్యకండి.

మేం పదిమందిమి నెలకోసారి కూడి ఒక పాత సినిమా చూస్తాం. చూశాక ఒకరు దాని మీద తెలుగులో ఒక పేజీ రాయాలి. ఈసారి వంతు నాది, సినిమా ‘కేరీ’. 1976లో వచ్చింది, దర్శకుడు బ్రయాన్ డి పామా. 1974లో అచ్చయిన స్టీఫెన్ కింగ్ మొదటి నవల దీనికి ఆధారం. 18 లక్షల డాలర్లతో చుట్టేసిన సినిమా, అమెరికాలోనే 3 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. కేరీగా వేసిన సిస్సీ స్పేసెక్‌కీ, తల్లిగా వేసిన పైపర్ లారీకీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. భయపెట్టే సినిమాకి అది మామూలు సంగతి కాదు.

చూడనివాళ్ల కోసం కథ (చూడాలనుకునేవాళ్లు ఈ పేరా వదిలెయ్యండి). కేరీ హైస్కూలు పిల్ల. తల్లికి మతం పిచ్చి. బడి స్నానాల గదిలో మొదటిసారి నెలసరి వస్తే, అదేమిటో తెలియక చచ్చిపోతున్నాననుకుని కేకలు పెడుతుంది. తోటి ఆడపిల్లలు నవ్వుతూ ప్యాడ్లు విసురుతారు. చివర్లో, స్కూలు డాన్సు రాత్రి, రాణిగా కిరీటం పెట్టుకుని నిలబడ్డ పిల్ల నెత్తిన బకెట్టుడు పందిరక్తం కుమ్మరిస్తారు. చూపుతోనే వస్తువుల్ని కదిలించగల ఆ పిల్ల తలుపులన్నీ మూసేస్తుంది. లోపల ఉన్నవాళ్లు లోపలే చస్తారు.

“ఇదొక ప్రతీకార చిత్రం” అని మొదటి వాక్యం రాసి ఆగిపోయాను. ప్రతీకారం అంటే లెక్క కదా: వాడింత చేశాడు, నేనింత చేస్తాను. ఆ అమ్మాయి మొహంలో ఏ లెక్కా కనపడలేదు నాకు. పగ, కక్ష, కసి, ఇవన్నీ కూడా రాసి కొట్టేశాను. ఏ మాట వాడాలంటారు?

రాజమండ్రి నుంచి:

పగ కొట్టేసి మంచి పని చేశారు. పగకి కాలం కావాలండీ. పగబట్టాలి, పెంచుకోవాలి, ఆ తర్వాత తీర్చుకోవాలి. అప్పు తీరుస్తాం, పగ ‘తీర్చుకుంటాం’. ఆ ‘కొను’లో ఉంది మజా అంతా. తమిళంలో పగై, కన్నడంలో హగె, మనకి పగ. దక్షిణాదికి సొంత సరుకు. ఉద్యోగపర్వంలో ధర్మరాజు చేత తిక్కన అనిపించింది చూడండి:

పగయె కలిగెనేనిఁ బామున్న యింటిలో
నున్న యట్ల కాక యూఱడిల్లి
యుండు నెట్లు చిత్త మొకమాటు గావున
వలవ దధికదీర్ఘ వైరవృత్తి

పగ ఉందంటే పాము ఉన్న ఇంట్లో కాపరం చేసినట్టే, మనసు ఊరట పడేదెట్లా అంటున్నాడు. ‘అధికదీర్ఘ’ అన్న మాట గమనించండి. ద్రౌపది విప్పిన జుట్టుతో 13 ఏళ్లు ఆగింది, అది పగ. మీ కేరీకి రక్తం పడ్డానికీ తలుపులు మూసుకోడానికీ నడుమ ఊపిరి తీసుకునే వ్యవధైనా లేదాయె.

డాలస్ నుంచి:

మాస్టారూ, పద్యం బాగుంది గానీ నా ఓటు కసికి. మా ఫ్రెండ్స్ అందరూ అనేది ఒకటే: మొదటి గంట నత్తనడక, అబ్బాయిలు సూట్లు కొనుక్కునే సీనైతే ఫాస్ట్ ఫార్వర్డ్‌లో ఎందుకు పెట్టాడో ఆ దేవుడికే తెలియాలి. అయినా ఆ చివరి అరగంట కోసం ఓపిక పట్టొచ్చు. కసితీరా తగలెడుతుంది. చూసేవాళ్లకీ కసి తీరుతుంది.

మొదటి పోస్టు పెట్టినవారు:

మీ చివరి వాక్యం ఒప్పుకుంటాను, దాని ముందుది ఒప్పుకోను. కసి చూసేవాళ్లది. కసిలో కొంత రుచి ఉంటుంది, పళ్లు నూరుకోవడం ఉంటుంది. కసిగా చదివాడు, కసిగా కొరికాడు అంటాం. స్పేసెక్ మొహం ఒకసారి ఆపి చూడండి. రక్తం కారుతున్న మొహంలో గుడ్లు ఇంత చేసుకుని, చేతులు ఒంటికి కాస్త ఎడంగా పెట్టుకుని, బిగుసుకుపోయి ఉంటుంది. తల తిప్పదు, చూపు మాత్రం టక్కున అటు, టక్కున ఇటు. ఆ చూపు పడ్డచోటల్లా ఏదో ఒకటి పగులుతుంది. అందులో రుచేదీ?

వరంగల్ నుంచి:

మీరందరూ ఒక సంగతి మరిచిపోతున్నరు. ఈ సినిమాల కక్ష కట్టింది కేరీ కాదు, ఆమెతోని చదివే పిల్ల క్రిస్! స్నానాల గది గొడవకి ఆటల టీచరు అందరికీ శిక్ష వేస్తది. క్రిస్ ఎదురు తిరిగి చెంపదెబ్బ తింటది, డాన్సుకి రావొద్దంటరు. ఇగ అక్కడి నుంచి చూడండి. పోరగాణ్ని తోలుకపోయి పందిని చంపించింది. రక్తం బకెట్ల పట్టించి వేదిక మీది దూలానికి ఎక్కించింది. కేరీయే గెలిచేటట్టు ఓట్ల చీటీలు మార్పించింది. తాడు పట్టుకుని మెట్ల కింద నక్కి కూసున్నది. మాస్టారు చెప్పిన కాలం, ఓపిక, లెక్క అన్నీ ఆమె దగ్గరనే ఉన్నయి. ప్రతీకార చిత్రమే, కాకపోతే ప్రతీకారం చేసింది సతాయించిన పిల్ల, సతాయింపు పడ్డ పిల్ల కాదు.

మొదటి పోస్టు పెట్టినవారు:

అన్నా, ఇది నాకు తట్టనే లేదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే అతుకుతుంది. తాడు లాగిన క్రిస్ డాన్సు జరిగిన జిమ్‌లో చావదు, ముందే జారుకుంటుంది. ప్రతీకారమైతే కేరీ ఆమెని వెతుక్కుంటూ పోవాలి. పోదు. ఇంటికి నడిచిపోతుంది. దారిలో వాళ్లే కారుతో గుద్దబోతే కారు పల్టీ కొట్టిస్తుంది, అంతే. ఇంటికెళ్లి స్నానం చేసి, అమ్మని వాటేసుకుని, వాళ్లు నన్ను చూసి నవ్వారమ్మా అని ఏడుస్తుంది.

విజయనగరం నుంచి:

ఏడుస్తుంది అన్నారు చూశారా, మాట అక్కడే ఉంది. ఉక్రోషం.

మా అమ్మమ్మ నోట రోజూ వినేదాన్ని. “దాన్ని అంతలా ఉడికిస్తే ఉక్రోషం రాదేటి?” అనేది. కోపం పెద్దవాళ్లకీ వస్తుంది, బలమున్నవాళ్లకీ వస్తుంది. ఏమీ చెయ్యలేనివాళ్లకి వచ్చేది ఉక్రోషం. అందులో సగం ఏడుపే. గొంతు పూడుకుపోతుంది, ముక్కుపుటాలు అదురుతాయి, చేతికందింది విసిరెయ్యాలనిపిస్తుంది. ‘ఉక్రోషం పట్టలేక’ అంటాం, చూడండి. పగని పడతాం, ఉక్రోషాన్ని పట్టలేం. పాపం కేరీ, చేతికి ఏమీ అందకపోయినా విసరగలిగిన పిల్ల.

తోటివాళ్లు పెట్టే బాధకి మన మాటలు చూడండి: ఏడిపించడం, ఉడికించడం. చేసినవాడి మీద కాకుండా పడ్డవాడికి ఏమవుతుందన్నదాని మీద పుట్టిన మాటలు. ఉడికించిన ఆ నోళ్లే చివరికి ‘ఉడుకుమోతు’ అని పేరు పెడతాయి, ఉడకడం మన తప్పయినట్టు.

ఇంకొక్కటి. ఆ పిల్లకి జరిగిందానికి మన దగ్గర ‘పెద్దమనిషయింది’ అనే మాట ఉంది. పీట మీద కూచోబెట్టి చిమ్మిలి తినిపిస్తారు. ఆ వేడుకల్లో నాకు నచ్చనివి బోలెడున్నాయి, అది వేరే సంగతి. కానీ పదిమంది నోటా ఒక మాటంటూ ఉంది. ఆ తల్లి దగ్గర పాపం అన్న మాట తప్ప ఇంకోటి లేదు.

రాజమండ్రి నుంచి:

అమ్మా, మాట బాగుంది. ఒక్క అభ్యంతరం. తలుపులు మూసింది కదా! ఉక్రోషం గుడ్డిది. బయటికి పోకుండా ముందు తలుపులు వెయ్యాలన్న తెలివి దానికెక్కడిది?

విజయనగరం నుంచి:

మాస్టారూ, మీ ఇంట్లో ఆడపిల్లలు లేరా? ఉక్రోషం వచ్చిన పిల్ల మొట్టమొదట చేసే పని దభాలున తలుపు వేసుకోవడమే. ఈ పిల్ల చేసిందీ అదే, కాకపోతే లోపల అందరూ ఉన్నారు.

డాలస్ నుంచి:

నవ్వొచ్చింది గానీ, ఒప్పుకున్నా. అయితే ఆ టీచర్ని ఎందుకు చంపినట్టు? కేరీని వెనకేసుకొచ్చింది ఆవిడొక్కతే. బాస్కెట్‌బాల్ బోర్డు పడి నలిగిపోతుంది. మా వాళ్లలో సగంమంది సినిమాకి మార్కులు తగ్గించింది అక్కడే. నవలలో ఆవిడ బతుకుతుంది కూడా.

మొదటి పోస్టు పెట్టినవారు:

చూసిన రోజు నేనూ అదే అన్నాను, అన్యాయమని. విజయనగరం వారి మాట చదివాక ఒకటి గుర్తొచ్చింది.

మా ఏడో తరగతిలో ఒకడుండేవాడు. వెనక బెంచీవాళ్లు వాడి తెల్లచొక్కా మీద పెన్ను విదిలించేవారు. రోజూ. సాయంత్రానికి వీపు మీద నీలం చుక్కలు. వాడు తిరిగి చూసేవాడు కాదు. ఒకరోజు ఎవడో చొక్కా పట్టుకుని, మీ అమ్మ ఇంక సబ్బు కొనలేదురా అన్నాడు. వాడు లేచి, బల్ల మీదున్న చెక్క డస్టరు తీసి, కళ్లు మూసుకుని విసిరాడు. నిజంగానే కళ్లు మూసుకున్నాడు, నేను పక్క వరసలోనే ఉన్నాను. అది తగిలింది వెనక బెంచీవాళ్లకి కాదు. వాడికి రోజూ పెన్సిల్ చెక్కిచ్చే పిల్లకి, కనుబొమ్మ మీద. రక్తం చూసి వాడే ముందు ఏడ్చాడు. దెబ్బలు తిన్నది కూడా వాడే. చుక్కల సంగతి ఏ మాస్టారూ అడగలేదు.

ఉక్రోషానికి గురి ఉండదండీ. దగ్గరున్నవాళ్లకి తగులుతుంది, మనవాళ్లే కదా దగ్గరుండేది. ప్రతీకారం అనుకుని చూస్తే టీచరు చావు కథలో లోపం. ఉక్రోషం అనుకుని చూస్తే ఆ చావు లేకపోతేనే లోపం.

వరంగల్ నుంచి:

మంచిగ చెప్పిన్రు. ఇంకో లొల్లి కూడ ఉన్నది కదా. అసలు వాళ్లు నిజంగ నవ్విన్రా? మా తమ్ముడు అందరూ నవ్విన్రంటడు, నేను కాదంట.

మొదటి పోస్టు పెట్టినవారు:

రెండోసారి ఆ ముక్క వరకే వేసుకుని చూశాను. రక్తం పడగానే హాలంతా నిశ్శబ్దం. ఎక్కువమంది నోళ్లు తెరుచుకుని ఉండిపోతారు. ఎర్ర టోపీ పిల్ల నార్మా పగలబడి నవ్వుతుంది, అది నిజం. ఆ తర్వాత గాజుముక్కల గొట్టంలోంచి చూసినట్టు మొహాలు గుండ్రంగా తిరుగుతాయి, అందులో టీచరుతో సహా అందరూ నవ్వుతుంటారు. వెనక నుంచి తల్లి గొంతు, వాళ్లందరూ నిన్ను చూసి నవ్వుతారని. ఇంట్లోంచి బయల్దేరే ముందు ఆవిడ అన్న మాటే అది. కాబట్టి ఆ రెండో నవ్వు కేరీ కళ్లకి కనపడింది, హాల్లో జరిగింది కాదు అని నా నమ్మకం.

ఆ తల్లి మాటని తెలుగు చెయ్యడానికి నేనేమీ కష్టపడలేదు. మన ఇళ్లలో తయారుగా ఉంది: “నలుగురూ నవ్విపోతారే!” చీర కుచ్చిళ్ల నుంచి పెళ్లి దాకా అన్నిటికీ అదే కదా. ‘నవ్వులపాలు’ కూడా చూడండి. నవ్వులపాలవడానికి పదిమంది నవ్వక్కర్లేదు. ఒక్కరు నవ్వితే చాలు, మిగతా తొమ్మిదిమందినీ మన బుర్రే నవ్విస్తుంది.

విజయనగరం నుంచి:

కృష్ణశాస్త్రి గారి ‘నవ్విపోదురుగాక నాకేటి సిగ్గు’ ఆ పిల్లకి ఎవరైనా నేర్పుంటే ఊరు బతికేది!

రాజమండ్రి నుంచి:

నేను ఓడిపోయానని ఒప్పుకుంటాను గానీ, పద్యం మాత్రం వెనక్కి తీసుకోను. నిన్న రాత్రి మా అబ్బాయి చేత పెట్టించుకుని సినిమా చూశాను. ఆ చివరి సీను చెబుతాను. స్యూ అనే పిల్ల, ముందు అందరితో కలిసి ఏడిపించి తర్వాత మనసు మార్చుకున్న పిల్ల, పూలు పట్టుకుని కేరీ ఇల్లుండిన చోటికి నడుచుకుంటూ వస్తుంది. నడక ఏదో తేడాగా ఉంది. మా అబ్బాయి చెప్పాడు, వెనక్కి నడిపించి తీసి రీలు తిప్పి వేశారట. జాగ్రత్తగా చూస్తే దూరంగా రోడ్డు మీద ఒక కారు వెనక్కి పోతుంటుంది. పూలు పెట్టబోతే మట్టిలోంచి నెత్తుటి చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంటుంది. నేను కుర్చీలోంచి లేచాను, డెబ్బై దాటినవాణ్ని! ఆ చెయ్యి కూడా స్పేసెక్‌దేనట. స్యూ కెవ్వున కేకపెట్టి మంచం మీద లేస్తుంది. కల.

ఆ జిమ్‌లో ఉన్నవాళ్లు పోయారు, కేరీ పోయింది, క్రిస్ పోయింది. మిగిలింది ఈ పిల్ల. పామున్న ఇల్లు ఆమెకి దక్కింది. ‘ఊఱడిల్లి యుండు నెట్లు చిత్తము?’ ఇంక చచ్చేదాకా ఆమెకి అదే కాపరం. తిక్కన్నని అక్కడ పెట్టుకోండి.

మొదటి పోస్టు పెట్టినవారు:

పెట్టుకుంటాను మాస్టారూ. మొదటి వాక్యం ఇలా మార్చాను, చూసి చెప్పండి: “క్రిస్ కక్షకి, కేరీ ఉక్రోషానికి మధ్య ఒక బకెట్టు వేలాడుతున్న సినిమా ఇది.” పేజీ ఎప్పుడో దాటింది. మావాళ్లు తిడితే మీ అందరి పేర్లూ చెప్తాను.

డాలస్ నుంచి:

మాస్టారూ, డెబ్బై దాటాక ఇవి రాత్రిపూట చూడకండి. పగలు చూడండి.

రాజమండ్రి నుంచి:

పగలే చూడమంటావా నాయనా, పగ లేదని తేల్చాక!